కార్టు దాకా వచ్చి ఆగిపోయినవాళ్లు: ఒక పచ్చళ్ల దుకాణం కేస్ స్టడీ

"ప్రకటనలకు డబ్బు పోస్తున్నాం, వెబ్‌సైటుకు జనం వస్తున్నారు, కొనడం మాత్రం లేదు." ఆన్‌లైన్ దుకాణాల డేటా చూసే నాకు ఈ మాట కొత్త కాదు. ఈసారి అన్నది గోదావరి జిల్లాల్లోని ఒక పచ్చళ్ల దుకాణం యజమానురాలు. ఆవకాయ, మాగాయ, గోంగూర, పండుమిర్చి, ఉసిరి, నాలుగైదు రకాల పొడులు వాళ్ల సరుకు. తయారీ ఆవిడ చూస్తారు, వెబ్‌సైటు వాళ్ల అబ్బాయి చూస్తారు. అమ్మకాలు పెరగకపోవడానికి అబ్బాయి దగ్గర ఒక కారణం సిద్ధంగా ఉంది: సైటు పాతబడింది, ఫొటోలు పెద్దవి చేయాలి, రంగులు మార్చాలి. అమ్మగారిది ఇంకో కారణం: ధర ఎక్కువనుకుంటున్నారు, తగ్గింపు ప్రకటించాలి. రెండిటికీ ఖర్చవుతుంది, రెండిటికీ ఆధారం లేదు.

దుకాణం పేరు, అమ్మకాల అంకెలు బయటపెట్టనని ఒప్పుకొన్నాకే ఇది రాస్తున్నాను. కాబట్టి ఏది ఎటు కదిలిందో ఇందులో ఉంటుంది, ఎన్ని రూపాయలో ఉండదు. లెక్క అర్థం కావడానికి వేసిన ఉదాహరణల్లోని అంకెలు దుకాణానివి కావు.

ఒక్క అంకెతో వచ్చిన చిక్కు

ప్రకటనల ఏజెన్సీ నెలనెలా పంపే నివేదికలో కన్వర్షన్ రేటు అని ఒకే ఒక అంకె పెద్ద అక్షరాల్లో ఉండేది. ఆర్డర్లను సందర్శనలతో భాగించి వందతో గుణిస్తే వచ్చేది అది. వెయ్యి సందర్శనలకు ఇరవై ఆర్డర్లు వస్తే 2 శాతం. ఈ దుకాణంలో ఆ రేటు ఏటా ఏప్రిల్, మే నెలల్లో పడిపోయేది. విచిత్రమేమిటంటే, ఏడాది మొత్తంలో అమ్మకాలు ఎక్కువగా ఉండేవి కూడా ఆ రెండు నెలలే. సీజన్‌లో సైటు తట్టుకోలేకపోతోందని ఏజెన్సీ తేల్చి, బడ్జెట్ పెంచమని సలహా ఇచ్చింది.

సందర్శకులు సైటులో మొదట అడుగుపెట్టిన పేజీని బట్టి విడదీసి చూస్తే అసలు సంగతి బయటపడింది. సైటులో 'ఆవకాయ పెట్టే విధానం' అని ఎప్పుడో రాసిన వ్యాసం ఒకటి ఉంది. మామిడికాయలు బజారులోకి రాగానే కొలతల కోసం గూగుల్‌లో వెతికేవాళ్లంతా దాని మీదికి వస్తున్నారు. ఆవపిండి ఎంత, కారం ఎంత, ఉప్పు ఎంత అని చూసుకుని వెళ్లిపోతున్నారు. వాళ్లు ఇంట్లో జాడీ కడిగి ఆరబెట్టుకున్నవాళ్లు, మన సీసా కొనడానికి రాలేదు. భాగహారంలో కింద వాళ్లంతా చేరితే రేటు పడిపోక ఏమవుతుంది? వాళ్లను పక్కన పెట్టి లెక్కేస్తే వేసవిలో రేటు పెరుగుతోంది. బడ్జెట్ పెంచే ఆలోచన అక్కడితో ఆగింది.

ఇదే పద్ధతిని తర్వాత ప్రతి అంకెకూ వర్తింపజేశాం. ఫోను నుంచి వచ్చినవాళ్లు వేరు, కంప్యూటర్ నుంచి వచ్చినవాళ్లు వేరు. మొదటిసారి వచ్చినవాళ్లు వేరు, పాతవాళ్లు వేరు. పాత కొనుగోలుదారుకు రుచి తెలుసు, నేరుగా వచ్చి రెండు నిమిషాల్లో కొని వెళ్తారు. కొత్తవాళ్ల తడబాటు ఆ సగటులో కలిసి కనబడకుండా పోతుంది.

ముందు కొలబద్ద సరిచేయడం

మెట్టు మెట్టుగా జనం ఎక్కడ తగ్గిపోతున్నారో చూడబోయే ముందు మూడు ఖాతాలను పక్కపక్కన పెట్టాం: దుకాణం సాఫ్ట్‌వేర్‌లో ఆన్‌లైన్‌గా చెల్లించిన ఆర్డర్లు, పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్ చెల్లింపులు తీసుకుని దుకాణానికి చేర్చే సేవ) జమచేసిన డబ్బు, సైటు సందర్శనలను లెక్కపెట్టే సాధనం గూగుల్ అనలిటిక్స్ 4 (జీఏ4) చూపించిన కొనుగోళ్లు. మొదటి రెండూ కలిశాయి. మూడోది తక్కువ చూపిస్తోంది, అదీ ఫోన్లలో మరీ తక్కువ.

కారణం యూపీఐ. కొనుగోలు జరిగిందన్న సమాచారం అనలిటిక్స్‌కు ధన్యవాదాల పేజీ తెరుచుకున్నప్పుడే వెళ్లేలా పెట్టి ఉంది. ఫోనులో కొనేవాళ్లు యూపీఐ యాప్‌లోకి వెళ్లి, పిన్ కొట్టి, డబ్బు వెళ్లినట్టు పచ్చ గుర్తు చూసి, ఫోను పక్కన పెట్టేస్తారు. మళ్లీ సైటుకు తిరిగి రావలసిన పని వాళ్లకు లేదు. గేట్‌వే నుంచి దుకాణం సర్వరుకు కబురు అందుతుంది కాబట్టి ఆర్డర్ నమోదవుతుంది, పచ్చడి ప్యాకవుతుంది, అనలిటిక్స్‌కు మాత్రం ఆ సంగతి తెలియదు. దాని దృష్టిలో ఆ మనిషి చెల్లింపు దగ్గర వదిలేసి వెళ్లిపోయినట్టే. ఈ నివేదికను నమ్మి పని మొదలుపెడితే, బాగా నడుస్తున్న చోట మరమ్మతు చేసేవాళ్లం.

ఆన్‌లైన్‌గా చెల్లించే ఆర్డర్లకు ధన్యవాదాల పేజీ నుంచి పంపడం ఆపేసి, డబ్బు అందినట్టు గేట్‌వే ధ్రువీకరించిన క్షణంలో సర్వరు నుంచే కొనుగోలు సమాచారం పంపేలా మార్పించాను. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. సందర్శకుడికి అనలిటిక్స్ ఇచ్చిన గుర్తింపు సంఖ్యను, ఆ సెషన్ (ఒక్కసారి సందర్శన) సంఖ్యను ఆర్డర్‌తో పాటు దాచుకుని, వాటితో కలిపి పంపాలి. లేకపోతే కొనుగోలు లెక్కలోకి వస్తుంది గానీ, ఆ మనిషి ఏ ప్రకటన చూసి వచ్చారో తెగిపోతుంది.

మిగతావి చిన్నవి. గేట్‌వే చిరునామాను అనవసర రిఫరల్స్ (సందర్శకులను పంపిన సైట్లుగా లెక్కపెట్టకూడనివి) జాబితాలో చేర్చాం. అంతకుముందు నివేదికల్లో ఈ దుకాణానికి కొనుగోలుదారులను పంపేవారిలో ఆ గేట్‌వే సైటే ముందు వరుసలో కనిపించేది. ప్యాకింగ్ గదిలో రోజంతా తెరిచి ఉండే సైటును లెక్కలోంచి తీసేశాం. జీఏ4 విశ్లేషణలకు వాడే డేటాను మొదట్లో రెండు నెలలే ఉంచుతుంది. సెట్టింగ్‌లో దాన్ని 14 నెలలకు మార్చుకోవచ్చు. సీజన్ సరుకు అమ్మేవాళ్లు ఈ మార్పు మొదటి రోజే చేసుకోవాలి, ఎందుకంటే అప్పటికే చెరిగిపోయిన డేటా తిరిగి రాదు. ఆ విశ్లేషణల్లో ఈ మే నెలను పోయినేడాది మే నెలతో పోల్చాలంటే ఇది కావాలి.

డెలివరీ ఖర్చు

కొలబద్ద సరిపడ్డాక మెట్లు చూశాం: సరుకు పేజీ, కార్టు, చెకౌట్ (కొనుగోలు పూర్తిచేసే పేజీలు) మొదలు, చిరునామా, చెల్లింపు, కొనుగోలు. చిరునామా నింపి డెలివరీ ఖర్చు కనబడిన చోట పెద్ద తరుగు. ఇది ఈ దుకాణానికే ప్రత్యేకం కాదు. ఆన్‌లైన్ కొనుగోళ్ల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేస్తున్న డెన్మార్క్ సంస్థ బేమార్డ్ లెక్కల సగటు ప్రకారం కార్టుల్లో సుమారు 70 శాతం కొనకుండానే మిగిలిపోతాయి. వదిలేయడానికి జనం చెప్పే కారణాల్లో పై స్థానం చివర్లో వచ్చిపడే అదనపు ఖర్చులదే. "అయితే డెలివరీ ఉచితం అనేస్తే సరి కదా" అన్నారు అబ్బాయి.

అంత తేలిక కాదు. పచ్చడి బరువైన సరుకు. పావుకిలో ప్యాకెట్‌కు కూడా నూనె కారకుండా రెండు పొరలు, గట్టి అట్టపెట్టె కావాలి. కొరియర్ సంస్థలు అసలు బరువుతో పాటు పెట్టె పరిమాణాన్ని కూడా చూస్తాయి: పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి సాధారణంగా 5000తో భాగిస్తే ఎన్ని కిలోలు వస్తాయో చూసి, రెండిటిలో ఎక్కువైనదానికి ఛార్జీ వేస్తాయి. దాంతో పావుకిలో గోంగూరకు పడే డెలివరీ ఖర్చు గోంగూర ధర దగ్గరికి చేరుతోంది. అంతా ధరలో కలిపేస్తే రెండు కిలోలు కొనేవారి మీద అన్యాయంగా భారం పడుతుంది.

డేటా చెప్పింది 'ఇక్కడ ఆగారు' అని మాత్రమే. ఎందుకు ఆగారో చూడటానికి మైక్రోసాఫ్ట్ క్లారిటీ పెట్టాం. అది ఉచితం, సందర్శకుల వేలు తెర మీద ఎటు కదిలిందో, ఎక్కడ నొక్కారో మళ్లీ ఆడించి చూపిస్తుంది. పేరు, ఫోను నంబరు, చిరునామా కనబడకుండా కప్పేయించి, గోప్యతా విధానంలో ఆ సంగతి రాయించాకే దాన్ని మొదలుపెట్టాం. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది కదా అని కొందరు ఇప్పుడు ఇలా చేస్తున్నారు; చట్టం లేకపోయినా చేయవలసిన పనే.

రికార్డింగుల్లో ఒక తీరు మళ్లీ మళ్లీ కనబడింది. ఒకరు పావుకిలో మాగాయ వేసుకుని చెకౌట్‌కు వెళ్తారు. చిరునామా అంతా నింపుతారు. ఖర్చు కనబడుతుంది. వెనక్కి వచ్చి పావుకిలో పండుమిర్చి చేర్చి, మళ్లీ చెకౌట్‌కు వెళ్లి చూస్తారు. ఖర్చు మారలేదు. మళ్లీ వెనక్కి, ఇంకో ప్యాకెట్, మళ్లీ చెకౌట్. ఇంతలో ఫోను వస్తుందో, విసుగే వస్తుందో, వెళ్లిపోతారు. వీళ్లకు ధర అభ్యంతరం కాదు. ఎంత బరువు దాకా ఒకే ఖర్చో తెలుసుకోవడానికి చెకౌట్‌ను కాలిక్యులేటర్‌లా వాడుతున్నారు. ఈ కొలత కొరియర్ ఒప్పందంలో ఉంది, దుకాణం వాళ్లకు కంఠతా వచ్చు, సైటులో మాత్రం ఎక్కడా రాయలేదు.

సరుకు పేజీలోనే ఆరంకెల పిన్‌కోడ్ పెట్టె పెట్టించాం. కొట్టగానే డెలివరీ ఖర్చు, చేరే రోజు కనిపిస్తాయి. కార్టులో ఒక వాక్యం చేర్చాం: ఇంకా ఇన్ని గ్రాముల దాకా డెలివరీ ఖర్చు పెరగదు. అంతే. తర్వాత వచ్చిన అంకెలు చూసి మొదట అబ్బాయి కంగారుపడ్డారు, ఎందుకంటే చెకౌట్ మొదలుపెట్టేవారి సంఖ్య తగ్గింది. ఖర్చు ముందే తెలిసినవాళ్లలో కొందరు అక్కడే వెనుదిరిగారు. వాళ్లు అంతకుముందు కూడా కొనలేదు, చిరునామా నింపి మరీ వెళ్లిపోయేవాళ్లు. చెకౌట్ మొదలుపెట్టినవాళ్లలో పూర్తిచేసేవారి వాటా పెరిగింది, మొత్తం ఆర్డర్లు పెరిగాయి, ఒక్కో ఆర్డర్ బరువూ పెరిగింది. నడిమి మెట్టు అంకె పడిపోవడం ఒక్కోసారి మంచి కబురే.

ఇదే సందర్భంలో ఒక గడియారం ప్రతిపాదన వచ్చింది: 'ఈ ధర ఇంకా పది నిమిషాలే' అని వెనక్కి లెక్కపెట్టేది, దానితో పాటు 'మూడు సీసాలే మిగిలాయి' అన్న పట్టీ. జాడీల నిండా సరుకు ఉండగా ఆ పట్టీ ఎలా పెడతాం? నేను ఒప్పుకోలేదు. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు 30న నోటిఫై చేసిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాల్లో 13 రకాల మోసపు పద్ధతులు ఉన్నాయి. లేని తొందర పుట్టించడం వాటిలో ఒకటి. అసలు ఖర్చును దాచి చివర్లో చూపించడం కూడా అందులో ఉంది. పిన్‌కోడ్ పెట్టె విషయంలో యజమానురాలిని త్వరగా ఒప్పించింది, నిజం చెప్పాలంటే, నా గ్రాఫుల కన్నా ఆ రెండో అంశమే.

ఫారంలో ఇరుక్కున్న వేళ్లు

చిరునామా పేజీలో క్లారిటీ 'రేజ్ క్లిక్' అని గుర్తు పెట్టినవి చాలా కనిపించాయి. పని జరగక ఒకే చోట టకటకా నొక్కడం అది. 'కొనసాగించు' బటన్‌ను ఐదారుసార్లు నొక్కుతున్నారు, పేజీ కదలడం లేదు. చూస్తే, ఫోను నంబరు గడి సరిగ్గా పది అంకెలే తీసుకుంటుంది. బ్రౌజరు తనంతట తాను నింపే నంబరు ముందు ప్లస్ 91 ఉంటుంది, మధ్యలో ఖాళీ ఉంటుంది. తప్పు జరిగిందన్న సందేశం పేజీ పైభాగంలో సన్నటి ఎర్ర అక్షరాల్లో వస్తోంది. కింద బటన్ దగ్గర ఉన్నవారికి అది ఫోను తెర మీద కనబడదు. కంప్యూటర్‌లో పరీక్షించిన డెవలపర్‌కు రెండూ ఒకే తెరపై కనబడతాయి కాబట్టి ఆయనకు ఎన్నడూ సమస్య తెలియలేదు.

అంకెలు కాని వాటిని సైటే తీసేసుకుని చివరి పది అంకెలు ఉంచుకునేలా చేశాం. సందేశాన్ని ఆ గడి కిందికే దించి, తెలుగులో రాయించాం. 'కంపెనీ పేరు' అన్న గడి తీసేశాం. ఆ గడి గురించి ఎక్స్‌పీడియా అనుభవం ఈ వృత్తిలో చాలామందికి తెలుసు: 2010 ప్రాంతంలో వాళ్ల చెల్లింపు పేజీలో ఐచ్ఛికంగా ఉన్న 'కంపెనీ' గడిని చూసి కొందరు అక్కడ తమ బ్యాంకు పేరు రాసి, కింది గడుల్లో బ్యాంకు చిరునామా నింపారు. కార్డు చిరునామాతో అది సరిపోలక చెల్లింపు తిరస్కరణకు గురైంది. ఆ ఒక్క గడి తీసేశాక ఏడాదికి 1.2 కోట్ల డాలర్ల లాభం పెరిగిందని ఆ సంస్థ చెప్పుకొంది. పచ్చళ్ల దుకాణానికి కోట్ల డాలర్లు రావు; ఆ గడిలో ఊరి పేర్లు, ఇంటి పేర్లు, 'ఏమీ లేదు' అన్న సమాధానాలు ఉన్నాయని మాత్రం పాత ఆర్డర్లలో కనబడింది.

చెల్లింపు దగ్గర అసలు లోపాలు రెండే మిగిలాయి. ఫోనులో కొనేవారికి కూడా క్యూఆర్ కోడే మొదట చూపిస్తున్నారు. చేతిలోని ఫోను తెర మీద ఉన్న కోడ్‌ను ఆ ఫోనుతోనే స్కాన్ చేయడమెలా? ఫోను అయితే నేరుగా యూపీఐ యాప్‌లు, కంప్యూటర్ అయితే క్యూఆర్ చూపించేలా వరుస మార్చాం. రెండోది, ఒక సామాజిక మాధ్యమంలో ప్రకటన నొక్కి వచ్చినవారికి సైటు ఆ యాప్ లోపలి బ్రౌజరులోనే తెరుచుకుంటుంది. అక్కడి నుంచి కొన్ని ఫోన్లలో యూపీఐ యాప్ తెరుచుకోవడం లేదు. బ్రౌజరు రకాన్ని బట్టి విడదీస్తేనే ఇది కనబడింది. అలాంటివారికి 'మీ బ్రౌజరులో తెరవండి' అన్న లింకు చెకౌట్‌కు ముందే ఇచ్చాం. ప్రకటనల డబ్బు అంతా వెళ్తున్నది ఆ దారిలోనే అని గుర్తుంచుకుంటే ఈ చిన్న లింకు విలువ తెలుస్తుంది.

వెతుకులాట పెట్టె

ఈ పని మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇది. ఏజెన్సీ నివేదికలో దీని ప్రస్తావనే లేదు. సైటులో వెతికే పెట్టెలో జనం ఏం రాస్తున్నారో జీఏ4 నమోదు చేస్తుంది. ఫలితాలు ఎన్ని వచ్చాయో మాత్రం దానంతట అది నమోదు చేయదు. ఆ సంఖ్యను కూడా పంపేలా విడిగా ఏర్పాటు చేయించాను. కొన్ని వారాలు ఆగి, సున్నా ఫలితాలు వచ్చిన మాటలన్నీ ఒక పట్టికగా దించి యజమానురాలి ముందు పెట్టాను.

ఆవిడ మొదటి పేజీ చదువుతూనే నవ్వడం మొదలుపెట్టారు. "ఇవన్నీ మన దగ్గర ఉన్నవే కదండీ!" నిజమే. సరుకుల పేర్లు సైటులో ఇంగ్లీషు అక్షరాల్లో ఒకే ఒక రకంగా నమోదయ్యాయి. తెలుగు లిపిలో రాసినా, ఫోనుకు నోటితో చెప్పి వెతికినా ఏమీ దొరకదు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవారిలోనూ ఆవకాయ మొదట్లో ఒక 'ఎ' పెట్టేవారున్నారు, రెండు పెట్టేవారున్నారు. చివర 'వై' పెట్టేవారు, 'ఐ' పెట్టేవారు సరేసరి. సైటు గుర్తించేది అందులో ఒక్కటే. హైదరాబాద్ వీళ్లకు అన్నిటికన్నా పెద్ద బజారు. అక్కడి నుంచి 'పుంటికూర', 'మామిడి తొక్కు', 'చింత తొక్కు' అని వెతికేవాళ్లకు 'ఏమీ దొరకలేదు' అన్న జవాబు వస్తోంది. అరల్లో గోంగూర ఉంది, మామిడి ఉంది, చింతకాయ ఉంది.

ఒక్కో సరుకుకు ఉన్న పేర్లన్నీ సైటు గుర్తించేలా పర్యాయపదాల జాబితా తయారుచేయడానికి కృత్రిమ మేధ అవసరం రాలేదు. యజమానురాలు, ఫోన్లు ఎత్తే అమ్మాయి కూర్చుని ఒక మధ్యాహ్నంలో రాసేశారు. ఫోన్లు ఎత్తే అమ్మాయి దగ్గర అంతకన్నా విలువైనది ఇంకొకటి ఉంది: అడిగినవారి ప్రశ్నలు రాసుకున్న వంద పేజీల నోటు పుస్తకం. దాన్ని వెతుకులాట పట్టికతో పోల్చి చూశాను. రెండింటిలోనూ పైన ఉన్నవి సరుకుల పేర్లు కావు. 'వెల్లుల్లి లేనిది', 'నువ్వుల నూనె', 'కారం తక్కువ', 'ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది', 'విమానంలో తీసుకెళ్లవచ్చా'.

వెల్లుల్లి తినని ఇంట్లో వెల్లుల్లి ఉందో లేదో తెలియని పచ్చడిని ఎవరూ కార్టులో వేసుకోరు. ఫోన్ చేసి అడిగే ఓపిక ఉన్నవాళ్లు ఆ నోటు పుస్తకంలో ఉన్నారు, లేనివాళ్లు సైటు మూసేశారు. సరుకు పేజీలో అప్పటిదాకా ఉన్నది 'అమ్మమ్మ చేతి రుచి, సంప్రదాయ పద్ధతి' వంటి నాలుగు పొగడ్తలు. వాటిని కిందికి దించి, ధర పక్కనే ఐదు విషయాలు పెట్టాం: వెల్లుల్లి ఉందా, ఏ నూనె, కారం ఎంత, తయారుచేసిన నెల, తెరిచాక ఎలా నిల్వచేయాలి. వెల్లుల్లి లేనివాటికి విడిగా ఒక పేజీ తెరిచాం. వెతికి కొనేవారి వాటా ఈ మార్పుల తర్వాత స్పష్టంగా పెరిగింది, ఫోన్లలో ఆ ప్రశ్నలు తగ్గాయి. ఈ రెండో అంకెను నేను ఎక్కువ నమ్ముతాను, ఎందుకంటే దాన్ని కొలిచింది మనిషి, ఆ మనిషికి ఈ మార్పుల్లో లాభమూ నష్టమూ లేవు.

అమెరికా నుంచి వచ్చినవాళ్లు

దేశాలవారీగా చూసినప్పుడు అమెరికా వరుస వింతగా ఉంది. సందర్శకులు ఎక్కువసేపు ఉంటున్నారు, కార్టులో బాగా వేస్తున్నారు, కొనుగోలు దాదాపు లేదు. విదేశాలకు పంపే ఏర్పాటు లేకపోవడమే కారణమని దుకాణంలో అందరి నమ్మకం. కార్టు వదిలేసినవారు కొట్టిన పిన్‌కోడ్‌లు చూస్తే విజయవాడ, రాజమహేంద్రవరం, హైదరాబాద్. పచ్చడి వాళ్లకు కాదు, ఇక్కడున్న అమ్మానాన్నలకు.

వాళ్లకు అడ్డు పడుతున్నవి రెండు. గేట్‌వేలో విదేశీ కార్డులు తీసుకునే సౌకర్యం విడిగా అడిగి తెరిపించుకోవాలి, ఎవరూ అడగలేదు. ఫోను నంబరు గడి ఒక్కటే ఉంది, అది భారతీయ నంబరే కోరుతుంది. తల్లిదండ్రుల నంబరు ఇస్తే డబ్బు చెల్లించిన సమాచారం వాళ్లకు వెళ్లి, ఇదేదో మోసమని వాళ్లు భయపడతారు. కొనేవారి నంబరు, అందుకునేవారి నంబరు అని రెండు గడులు చేసి, దేశం కోడ్ ఎంచుకునే వీలు కల్పించాం. కొరియర్ అబ్బాయి ఫోన్ వెళ్లేది రెండో నంబరుకు. ఇది చేశాక ఆ వరుసలో కొనుగోళ్లు మొదలయ్యాయి; సంక్రాంతి, ఉగాది ముందు వారాల్లో అవి బాగా కనబడతాయి.

పరీక్షలు ఎందుకు పెట్టలేదు

ఏ/బీ పరీక్ష చేయలేదా అని తోటివాళ్లు అడుగుతారు. సందర్శకులను రెండు గుంపులు చేసి, ఒకరికి పాత పేజీ, ఇంకొకరికి కొత్త పేజీ చూపించి పోల్చడం అన్నిటికన్నా నమ్మదగ్గ పద్ధతి, సందేహం లేదు. దానికి కావలసింది జనం. మామూలుగా వాడే ఉజ్జాయింపు సూత్రం ఒకటి ఉంది: కన్వర్షన్ రేటు 2 శాతం ఉన్నచోట దాన్ని 2.2కు పెంచే మార్పును నమ్మకంగా పట్టుకోవాలంటే ఒక్కో గుంపులో సుమారు 78 వేల సందర్శనలు కావాలి. 2 నుంచి 3 శాతానికి పెంచే మార్పయితే ఒక్కో గుంపుకు మూడు వేల పైచిలుకు చాలు. చిన్న దుకాణంలో బటన్ రంగు మార్చి పరీక్ష పెట్టడం దండగ. ఆ పరీక్ష ముగిసేలోపు ఆవకాయ సీజన్ వెళ్లి చింతకాయ సీజన్ వస్తుంది.

అందుకే పెద్ద అడ్డంకులనే తీసుకుని, ఒక మార్పుకూ మరో మార్పుకూ మధ్య తగినంత వ్యవధి ఇచ్చాం. మొత్తం రేటును కాకుండా ఆ మార్పు తగిలే మెట్టును మాత్రమే చూశాం. ఫోను నంబరు గడి మారితే చూడవలసింది చిరునామా మెట్టు దాటినవారి వాటా. మామిడికాయల ధర దాన్ని కదపదు. ఈ పద్ధతికి పరిమితి ఉంది. మొత్తం పెరుగుదలలో దేనికి ఎంత వాటా అని అడిగితే పంచి చెప్పలేను.

చేతికి అందినదే అమ్మకం

చివరగా క్యాష్ ఆన్ డెలివరీ. అది తెరిచి ఉంటే కన్వర్షన్ రేటు పెరుగుతుంది, మూసేస్తే పడుతుంది. అందుకని ఏజెన్సీ దాన్ని ఎప్పుడూ తెరిచే ఉంచమనేది. కొరియర్ సంస్థ నుంచి వచ్చే డెలివరీ స్థితిని ఆర్డర్ నంబరుతో కలిపి చూస్తే, ఇంటి ముందు నిరాకరించి తిరిగొచ్చిన పార్శిళ్లలో దాదాపు అన్నీ క్యాష్ ఆన్ డెలివరీవే. తిరిగొచ్చిన చీరను మళ్లీ అమ్మవచ్చు. వారం పాటు ఎండలో తిరిగొచ్చిన పచ్చడిని అమ్మలేరు. ఈ దుకాణం అమ్మదు కూడా. రానూపోనూ కొరియర్ ఖర్చు, పారబోసిన సరుకు, రెండూ నష్టమే. అనలిటిక్స్‌లో మాత్రం అది విజయవంతమైన కన్వర్షన్.

దాంతో లెక్కించే అంకెనే మార్చేశాం: వంద సందర్శనలకు వచ్చిన ఆర్డర్లు కాదు, వంద సందర్శనలకు చేతికి అందిన ఆర్డర్లు. మొదటిసారి కొనేవారి క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డర్లకు పంపేముందు వాట్సాప్‌లో ఒక ధ్రువీకరణ అడుగుతున్నాం; జవాబు రాకపోతే ఫోన్, అదీ ఎత్తకపోతే పార్శిల్ కదలదు. ముందుగా చెల్లించినవారికి చిన్న తగ్గింపు. అమ్మగారు మొదట్లో అడిగిన తగ్గింపు చివరికి ఇలా వచ్చింది. పాత పద్ధతిలో లెక్కేస్తే ఈ నెలల్లో కన్వర్షన్ రేటు కాస్త తగ్గింది, ఏజెన్సీ దాన్ని ఎర్ర రంగులో చూపించింది. కొత్త పద్ధతిలో పెరిగింది, బ్యాంకు ఖాతా కూడా అదే మాట అంటోంది.

అబ్బాయి కోరిన పెద్ద ఫొటోలు కూడా పెట్టాం. సరుకు పేజీ నుంచి కార్టుకు వెళ్లేవారి వాటాలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వాటి సైజు తగ్గించి పేజీ మళ్లీ తేలిగ్గా తెరుచుకునేలా చేయవలసి వచ్చింది. ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనబడాలన్నది గూగుల్ చెప్పే కొలత, ఇప్పుడు ఎక్కువ ఫోన్లలో ఆ హద్దులోనే ఉంది. ఫొటోలు తీసేద్దామా అని అడిగాను. "ఉండనివ్వండి, బాగున్నాయి" అన్నారు అమ్మగారు. ఉంచేశాం.